రీలు అప్పగింతలు

నల్లగొండ చుట్టుపక్కల ముస్లిం పెళ్లిళ్లలో పరదాకు ఇటువైపు, అంటే మగవాళ్ల వైపు, ఎన్ని కెమెరాలైనా ఉండవచ్చు. డ్రోను ఎగరవచ్చు. పెళ్లికొడుకు మెడలో పడ్డ ప్రతి పూలదండనూ నాలుగు దిక్కుల నుంచీ తీయవచ్చు. పరదాకు అటువైపు మాత్రం ఒకటే కెమెరా, దాని వెనక ఒకతే మనిషి. ఆమె పేరు జన్నత్ బీ. అందరికీ ఫోటో ఆపా, అంటే ఫోటో అక్క.

ఆపా పొట్టి మనిషి. వయసు యాభై దాటి చాలాకాలమైంది. కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి ఉంటుంది. కెమెరా సంచి మోసీ మోసీ అది అక్కడే స్థిరపడింది. ఆమె కుర్తాలు కుట్టే టైలరు ఇప్పుడా తేడాను కొలవడు, అలవాటుగా కుట్టేస్తాడు. ఆమె తండ్రికి ఒక స్టూడియో ఉండేది. ఆడవాళ్ల వైపుకు ఆయన పోలేడు, కొడుకులకు ఆ పని మీద మనసు లేదు. అందుచేత కెమెరా కూతురి మెడలో పడింది. మళ్లీ దిగలేదు.

తెలంగాణ వచ్చింది, జిల్లాలు ముక్కలయ్యాయి, ప్రతి అరచేతిలోకీ ఒక ఫోను వచ్చింది. అయినా జన్నత్ బీ గిరాకీ తగ్గలేదంటే కారణం ఆమె ఫోటోలు గొప్పగా ఉండటం కాదు. అవి మామూలుగానే ఉంటాయి. కారణం ఒక ఆచారం. జనానా, అంటే ఆడవాళ్ల గది, గుమ్మం దగ్గర ఒక ఖాళీ బిర్యానీ డేగిషా గిన్నె పెడతారు. లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషీ తన ఫోనును అందులో వేసి రావాలి. మూత మీద వయసు పైబడ్డ చుట్టం ఒకావిడ కూర్చుంటుంది. పెళ్లి నడుస్తున్నంతసేపూ ఆ డేగిషా రకరకాల పాటలు పాడుతూ ఉంటుంది, ఆవిడ మాత్రం లేవదు. లోపల ఫోటోలు తీసేది ఆపా ఒక్కతే, అదీ రీలు కెమెరాతో.

పెళ్లయిన కొన్ని వారాలకు ఆపా స్వయంగా ఆ ఇంటికి వెళ్లి ప్రింట్లూ నెగెటివ్‌లూ అప్పగిస్తుంది. ఇంటి పెద్దావిడ ఒక్కో నెగెటివ్ ముక్కనూ ట్యూబులైటుకు ఎత్తి చూస్తుంది. తర్వాత "అంతేనా?" అని అడుగుతుంది. "అంతే. ఇంకెక్కడ లేదు" అని ఆపా జవాబిస్తుంది. నెగెటివ్‌లు బంగారం పెట్టిన బీరువాలోకి పోతాయి, ఆపాకు మిఠాయీ పానూ వస్తాయి. పెళ్లికూతురిని సాగనంపడాన్ని రుఖ్సతీ అంటారు కాబట్టి ఆడవాళ్లు దీనికి రీలు రుఖ్సతీ అని పేరు పెట్టారు. ఆ రెండు మాటలే, "అంతేనా", "అంతే", జన్నత్ బీ వ్యాపారానికి పెట్టుబడి. కెమెరా దాని తర్వాతే. ఫోటోగ్రాఫరు ఇల్లే అయినా ఆపా ఇంటి గోడ మీద ఒక క్యాలెండరు తప్ప ఏ బొమ్మా ఉండదు.

ఈ కట్టుదిట్టంలో ఒక చిన్న సందు ఉన్నమాట నిజం. రీలు ల్యాబుకు పోవాలి. వెనక ఆ ల్యాబు నల్లగొండలోనే ఉండేది. అది మూతబడ్డాక రీలు హైదరాబాద్ పోతోంది. ల్యాబులో ఉండేవాళ్లు మగవాళ్లు. అయితే, రీలును కడిగేది యంత్రం, మనిషి పక్కన నిలబడతాడంతే, పైగా దవాఖానలో డాక్టరును మగవాడిగా లెక్కేయం కదా, అని ఆడవాళ్లంతా చాలా ఏళ్ల కిందటే ఏకాభిప్రాయానికి వచ్చారు. ఏ మౌల్వీ సాబునూ ఈ విషయం అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని.

ఇక అలసట సంగతి. పెళ్లి భోజనంలో ఆపా వేడి బిర్యానీ తిన్నది ఏనాడో ఆమెకే గుర్తులేదు. అందరి ఫోటోలూ అయ్యాక ఆమె వంతు వచ్చేసరికి అడుగున మసాలా, దాని మీద పేరుకున్న నెయ్యి మిగులుతాయి. మోకాళ్లు మెట్లను చూసి ముందే బెంగపడతాయి. దానికి తోడు కెమెరా కూడా ముసలిదైంది. మిర్యాలగూడలో ఒక పెళ్లిలో రీలు తిప్పే మీట జారింది. మీట తిరిగింది గాని రీలు కదలలేదు. ప్రింటు వచ్చాక చూస్తే పెళ్లికూతురు, ఇద్దరు మేనత్తలు, ఒక చంటిపిల్ల, పులావు పళ్లెం, అందరూ ఒకే ఫ్రేములో ఒకరి మీద ఒకరు కూర్చొని ఉన్నారు. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు కాబట్టి ఎవరి ముక్కు ఎవరిదో వెతుక్కుంటూ సర్దుకున్నారు. బాగుచేసే అతను కెమెరాను విప్పి చూసి, ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా దొరకదన్నాడు. అంటూ జాలిగా ఆపా వైపు చూశాడు, కెమెరా వైపు కాదు.

అలా ఆపా ఇంట్లోకి సమస్య ప్రవేశించింది. ఇంకొక పాత రీలు కెమెరా వెతికి కొనాలా, లేక ఇప్పుడొస్తున్న మంచి రకం చిన్న డిజిటల్ కెమెరా కొనాలా?

ఆపా భర్త ముజఫ్ఫర్ ఈ సమస్యను ఆనందంగా నెత్తికెత్తుకున్నాడు. ఆయన ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు ప్రకటించిన గొంతు అది, ఇంట్లో కూడా అదే స్థాయిలో నడుస్తుంది. వరండాలో కుర్చీ వేసుకొని నెలల తరబడి ఫోనులో వీడియోలు చూశాడు. పక్కింటి మల్లన్నను కూర్చోబెట్టి రెండు పక్షాల వాదనలూ వినిపించాడు. రీలు కెమెరా మన్నిక గలది, కానీ రీలు దొరకడం కష్టం. చిన్న కెమెరా గుప్పిట్లో పడుతుంది, చప్పుడు చెయ్యదు, చీకట్లో కూడా ముఖాలు తెల్లగా వస్తాయి, కానీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మల్లన్న విత్తనాల కొట్టు నడుపుకుంటాడు. ఆయనకు ఏ కెమెరా అక్కరలేదు. అయినా చివరికి ఒకటి కొందామా అనే దశకు వచ్చాడు. ముజఫ్ఫర్ మాత్రం ఏ దశకూ రాలేదు.

షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పనిచేసే కూతురు ఇఫ్రా సెలవుకు వచ్చినప్పుడు తన స్నేహితురాలు రోజారమణి దగ్గర అలాంటి చిన్న కెమెరానే అడిగి తెచ్చింది. ఆ ఇంట్లో పొగడ్తలన్నీ ఉర్దూలో, పనికొచ్చే మాటలూ తిట్లూ తెలుగులో నడుస్తాయి.

"అమ్మీ, ఒక్క పెండ్లికి దీంతోని తీసి చూడు. నచ్చితే నేను కొనిస్త. గా పాతదాన్ని మోసుడు ఇగ బంద్ పెట్టు."

ఆపా ఆ కెమెరాను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. సబ్బుబిళ్లంత ఉంది. దాని బరువు కూడా అంతే. ఇది చాలు అని ఆమె భుజం ఆ క్షణానే ఓటేసింది.

"రుఖ్సతీ ఎట్ల చేస్తరు మరి? గీంట్ల రీలేది?" అని మాత్రం అడిగింది.

లోపలి మెమరీ కార్డు ఇస్తే సరిపోతుందని ఇఫ్రా చెప్పింది.

పరీక్షకు దొరికిన పెళ్లి సాగర్ డ్యాము దగ్గరి నందికొండలోది. డ్యాము క్వార్టర్లలో ఉండే ఖుద్దూస్ అనే రిటైరైన ఉద్యోగి కూతురి పెళ్లి. ఆ ఇంట్లో అసలు అధికారం ఖుద్దూస్ తల్లి గౌసియా బేగానిది. అందరికీ దాదీ. జీవితంలో ఒక్క ఫోటోకూ ముఖం చూపించని మనిషి. కెమెరా కనిపిస్తే కొంగు, కొంగు అందకపోతే అరచెయ్యి. ఆపా రెండు కెమెరాలూ తీసుకొని నల్లగొండ నుంచి సాగర్ బస్సెక్కింది. బరువు తగ్గించుకునే ప్రయత్నంలో మొదటి మెట్టుగా ఆ రోజు బరువు పెరిగింది.

జనానాలో చిన్న కెమెరా మొదట రాజ్యమేలింది. చప్పుడు లేదు, తిప్పుడు లేదు. గడియలో బోలెడన్ని ఫోటోలు. అప్పుడు పెళ్లికూతురి పిన్ని దాని వీపు మీద వెలుగుతున్న అద్దంలో తన ముఖం చూసింది. చూసి, గడ్డం కింద ఇంకో గడ్డం కనిపిస్తోందని, తీసెయ్యమంది. ఆపా తీసేసింది. అదే ఫోటోలో ఉన్న మేనత్త తాను అందులో బాగా వచ్చానని గొడవకు దిగింది. మళ్లీ తీస్తే పిన్ని కుదిరింది, మేనత్త కళ్లు మూసుకుంది. తీసెయ్యమంది. ఈ వార్త క్షణంలో గదంతా పాకింది. ఆడవాళ్లు పెళ్లికూతురిని వదిలి కెమెరా చుట్టూ చేరారు. ఒకరికి రంగు తగ్గింది, ఒకరికి గాజులు కనిపించలేదు, ఒకరికి పక్కన నిలబడ్డ మనిషే నచ్చలేదు. నలుగురున్న ఫోటోలో నలుగురికీ నచ్చిన ఫోటో ఈ భూమ్మీద ఉండదని ఆపాకు అర్థమయ్యే సరికి కార్డులో మిగిలినవి రెండు మూడు బొమ్మలే. ఒకటి పెళ్లికూతురి మెహెందీ చేతులు. ఇంకోటి డేగిషా. వాటి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

అంతవరకూ గోడకానుకొని పోకలు కత్తిరిస్తున్న దాదీ అప్పుడు నోరు విప్పింది.

"గా అద్దాల పెట్టె మూసి పెట్టు ఫోటో ఆపా. రీలుది తియ్యి. ఎట్లొస్తే గట్లొస్తం."

ఆపా పాత కెమెరా తీసింది. ఆడవాళ్లు వెంటనే బుద్ధిగా వరసలో నిలబడ్డారు. రీలు మీద అప్పీలు లేదు. వారాల తర్వాత తీర్పు వస్తుంది, అప్పటికి చీరా పాతబడుతుంది, కోపమూ పాతబడుతుంది. ఒక్కో ఫోటోకూ మీట తిప్పి, చెవి దగ్గర పెట్టుకొని, రీలు కదిలిన చప్పుడు విని, అప్పుడు ఆపా రెండో ఫోటోకు పోయింది. భుజం పీకింది. చివర్లో దాదీ మనవరాలి పక్కన కూర్చొని, కొంగు సర్దుకొని, చెయ్యి అడ్డం పెట్టకుండా కెమెరా వైపు చూసింది. ఆపా మీట తిప్పింది. మీట జారలేదు.

రీలు హైదరాబాద్ పోయింది. అది ఎన్నాళ్లకో గాని రాదని తెలిసిన ఆపా మంచం ఎక్కి విశ్రాంతి తీసుకుంటూ ఉండగా, వరండాలోంచి ముజఫ్ఫర్ బస్టాండు గొంతుతో ఒక కేక పెట్టాడు. ఆపా బయటికి వచ్చేసరికి ఆయన ఫోను నేల మీద బోర్లా పడి ఉంది. ఆయన రెండు చేతులతో కళ్లు మూసుకొని కూర్చున్నాడు. ల్యాబులో ఇచ్చిన నంబరు ఆయనది, దానికి అక్కడి నుంచి ఏదో లింకు వచ్చిందట. కెమెరా ధరల కాగితమేమో అనుకొని నొక్కాడట.

"ఎవరో ముసలామె. సగమే చూసిన. ఖసమ్, సగమే."

అది దాదీ. చెయ్యి అడ్డం లేని దాదీ, ఒక మగవాడి ఫోనులో, నల్లగొండ వరండాలో.

ఆపా ల్యాబుకు ఫోను చేసింది. ల్యాబు యజమాని మర్యాదస్తుడు. ఈ మధ్య రీళ్లు వాడేది కాలేజీ పిల్లలూ, మీరూ మాత్రమేనని చెప్పాడు. ఆ పిల్లలకు ఫోనులోకి వస్తే చాలు, నెగెటివ్‌లు ఎవరూ తీసుకుపోవడం లేదు కూడా, అందుకే అందరికీ పంపినట్టే మీకూ లింకు పంపానన్నాడు. మరి పాతవన్నీ ఏమయ్యాయని ఆపా అడిగితే, ఆమె ఏదో పోగొట్టుకుంటానని భయపడుతోందనుకున్నాడు.

"మీరేం ఫికర్ చెయ్యకండి మేడం. తెలంగాణ వచ్చిన ఏడాది నుంచీ మీ రీళ్లన్నీ మా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. ఒక్క ఫోటో పోలేదు."

తుడిచెయ్యమని ఆపా బతిమాలింది. చేసేస్తామన్నాడు. చేశాడో లేదో చూసేందుకు ఆమెకు ట్యూబులైటు లేదు.

నెగెటివ్‌లూ ప్రింట్లూ కొరియర్లో వచ్చాయి. ఆపా వాటిని చూస్తూ రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. ఇన్నేళ్లుగా ఇంటింటికీ వెళ్లి "అంతే. ఇంకెక్కడ లేదు" అని చెప్పి, పాను నమిలి వచ్చింది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ హైదరాబాద్‌లో ఒక కంప్యూటరు కాదని చెబుతూనే ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ముజఫ్ఫర్ కూడా ఇదే సలహా ఇచ్చాడు, ఈసారి మెల్లగా.

"నువ్వు చెప్తే ఇగ ఏ ఇంటికి పిలుస్తరు? సప్పుడు జెయ్యక ఇచ్చి రా."

ఆపాకు కోపం కూడా రాలేదు. చెబితే పని పోతుంది. పని పోతే విశ్రాంతి దొరుకుతుంది. కానీ ఆ రకం విశ్రాంతి ఆమెకు అక్కరలేదు.

నందికొండలో ఖుద్దూస్ ఇంట్లో తివాచీ పరిచారు. పెళ్లికూతురి తల్లి ఫర్హానా మిఠాయి పళ్లెం తెచ్చింది. దాదీ పాన్‌దాన్ ముందు పెట్టుకొని కూర్చుంది. నెగెటివ్ ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి ట్యూబులైటుకు చూసింది. తన ముక్క దగ్గర కాసేపు ఆగింది. నెగెటివ్‌లో ఆమె జుట్టు నల్లగా ఉంది, దంతాలూ నల్లగానే ఉన్నాయి. జుట్టు మాత్రం ఆమెకు నచ్చినట్టుంది. కింద పెట్టి అడిగింది.

"అంతేనా?"

ఆపా నోట్లోకి అలవాటు మాట వచ్చింది. అక్కడే నిలిచింది. కింది నుంచి డ్యాము వైపు పోయే లారీ చప్పుడు వినిపించింది.

"కాదు దాదీ."

ఫర్హానా మిఠాయి పళ్లెం వెనక్కి తీసుకోవాలో ముందుకు పెట్టాలో తెలియక మధ్యలో పట్టుకొని నిలబడింది. ఆపా అంతా చెప్పింది. ల్యాబు, కంప్యూటరు, లింకు, ముజఫ్ఫర్ చూసిన సగం ముసలామె, ఏదీ దాచలేదు. ఈ ఒక్క పెళ్లే కాదని, చాలా ఏళ్ల పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయని కూడా చెప్పింది. చెబుతూ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ పోయింది. తిట్టడానికి దాదీ ఏ భాష ఎంచుకుంటుందోనని ఎదురుచూసింది.

దాదీ ఒక పోకను అడకత్తెరలో పెట్టి నొక్కింది.

"ల్యాబుల మొగోడుంటడని నాకెర్క లేదనుకున్నవా? రీలు దానంతట అదే కడుక్కుంటదా బిడ్డా."

"మరి గిన్నేండ్లు చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకున్నవ్ దాదీ?"

"హైదరాబాదుల ఎవడో చూస్తే నాకేంది? వానికి నేనెవరో ఎర్కనా, నా ఇల్లెర్కనా? గీ క్వార్టర్లల్ల చూడొద్దు. నా ఆడిబిడ్డ ఫోన్లకు రావొద్దు. ఆమె నా ఫోటో పట్టుకొని ఊరూరు తిరిగి ముసల్దైపోయిందంటది. గంతే నా పరదా."

ఫర్హానా పళ్లెం ముందుకు పెట్టింది.

దాదీ ముక్కలను ఒక గుడ్డలో చుడుతూ మళ్లీ అంది. "నువ్వు అంతే అంటే నేను అంతే అనుకుంటుంటి. చెప్పినవ్, మంచిదైంది. ఇగ ల్యాబు ఎందుకు? గా చిన్నదాంట్లనే తియ్యి."

"అండ్ల అందరు చూసి తీసెయ్యమంటరు గద."

"చూపియ్యకు."

ఇంత చిన్న మాట నెలల తరబడి వీడియోలు చూసిన ముజఫ్ఫర్‌కు గాని, చదువుకున్న ఇఫ్రాకు గాని తట్టలేదు. ఆపాకూ తట్టలేదు. ఆమె ముక్కు మీద అద్దాలు తీసి తుడుచుకుంది. దాదీ ఇంకా వదల్లేదు. ఆ రోజు అద్దాల పెట్టెలో తీసినవి ఎక్కడున్నాయని అడిగింది. ఆపా వాటిని కూడా అప్పగించడానికే తెచ్చింది. సంచిలోంచి మెమరీ కార్డు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. గోరంత ముక్కను దాదీ అటూ ఇటూ తిప్పి, ట్యూబులైటుకు ఎత్తింది. ఏమీ కనిపించలేదు. కనిపించనిది బీరువాలో పెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కార్డును అడకత్తెరలో పెట్టి నొక్కింది. అది పోక కన్నా తేలిగ్గా తెగింది.

కార్డు రోజారమణిదని ఆపాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇఫ్రా రోజారమణికి కొత్త కార్డూ, తల్లికి కొత్త కెమెరా కొనిచ్చింది. ఆపా మొదటి రోజే పాత బురఖాలోంచి ఒక నల్లటి ముక్క కత్తిరించి, దాని వీపు మీది అద్దాన్ని కప్పి, నాలుగు వైపులా అంటించేసింది. ఆ అద్దం ఎంత స్పష్టమైనదో, దాని కోసం ఎందరు ఎన్ని వీడియోలు చేశారో ముజఫ్ఫర్ చాలాసేపు బాధగా వివరించాడు. ప్రింట్లు ఇంట్లోనే తీసుకునే చిన్న యంత్రం కూడా వచ్చింది. అది నడుస్తున్నంతసేపూ ముజఫ్ఫర్ వరండాలో, మల్లన్నతో, వీపు తలుపు వైపు పెట్టి కూర్చోవాలి. ఆ కెమెరా గురించి జిల్లాలో అందరికన్నా ఎక్కువ తెలిసిన ఆ మనిషి దానితో తీసిన ఒక్క ఫోటో కూడా ఇంతవరకూ చూడలేదు.

తిరుమలగిరిలో తర్వాతి పెళ్లిలో ఆడవాళ్లు ఎట్లొచ్చిందో చూపించమని చుట్టూ చేరారు. ఆపా నల్లగుడ్డ చూపించింది. కాసేపు గొణిగి వరసలో నిలబడ్డారు. అప్పగింతల నాడు పెద్దావిడ ప్రింట్లు చూసుకొని, కార్డును అడకత్తెరతో తెంపి, "అంతేనా?" అంది. ఆపా "అంతే" అంది. ఆ మాట మొత్తంగా నిజం కావడం బహుశా అదే మొదటిసారి. పాను ఎప్పటిలాగే ఉంది.

అయితే ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. వెనక రీలు ల్యాబుకు పోయి వచ్చేదాకా కొన్ని వారాలు పట్టేది. ఆ వారాలే ఆమెకు సెలవు. ఇప్పుడు ప్రింట్లు ఆ వారంలోనే వస్తున్నాయి. అప్పగింతలు వెంటనే అవుతున్నాయి. మిఠాయి నోట్లో ఉండగానే ఇంకో పెళ్లివాళ్ల ఫోను వస్తోంది. రీలు కెమెరా ఆమెను మోయించింది నిజమే, కానీ మధ్యమధ్య దింపేది కూడా. ఈ సబ్బుబిళ్ల బరువు లేదు కాబట్టి దాన్ని దింపమని ఎవరూ అనరు.

ఒక సాయంత్రం దేవరకొండ నుంచి తిరిగొచ్చి ఆపా మంచం మీద కూర్చుంది. కెమెరా పర్సులో ఉంది. సంచి లేదు. ఆమె అద్దంలో చూసుకొని, వరండాలో ఉన్న భర్తకు వినబడేలా అడిగింది.

"గీ కెమెరాకు బరువు లేదంటిరి గద. మరి నా భుజం ఎందుకు లేస్తలేదు?"

ముజఫ్ఫర్ వీడియో ఆపి ఆలోచించాడు. లోపలికి వచ్చి, పెళ్లివారు కట్టిచ్చిన బిర్యానీ మూట విప్పి, పొయ్యి మీద వేడి చేసి, పళ్లెంలో పెట్టి ఆమె ముందు ఉంచాడు. ఆపా పళ్లెం వైపు చూసింది. పొగ వస్తోంది. చెయ్యి పెట్టబోయేంతలో ఫోను మోగింది. ఆమె ఎడమ చేత్తో దాన్ని దిండు కింద పెట్టి, దిండు మీద ఆనుకొని, తినడం మొదలుపెట్టింది.